డెమో కుక్క

నాగేశ్వరికి రోత ఎక్కువ. అమీర్‌పేట మెట్రో వెనక సందులో, మూడంతస్తుల లేడీస్ హాస్టల్‌కు ఆమే వంటమనిషి, ఆమే వార్డెను. తెల్లారి లేచింది మొదలు పడుకునేదాకా ఆమె నోట "ఛీ" అన్న మాట ఎన్ని రకాలుగా వస్తుందో హాస్టల్ పిల్లలకు బాగా తెలుసు. సింకులో ఎంగిలి మెతుకులు కనిపిస్తే పొట్టి ఛీ. బాత్‌రూములో జుట్టు ఉండలు కనిపిస్తే పొడుగు ఛీ. ఓనరు చక్రపాణి గారు వచ్చి వెళ్లాక మాత్రం శబ్దం లేని ఛీ, ఒట్టి ముక్కుతో. పిల్లలు చాటున ఆమెను "ఛీ ఆంటీ" అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తణుకు వైపు నుంచి వచ్చి, భర్త పోయాక, ఇన్నేళ్లుగా పరాయి పిల్లల ఎంగిలి కంచాలు ఎత్తుతున్న మనిషికి ఆ మాత్రం బిరుదు దక్కడం న్యాయమేనని ఊరుకుంది.

అంత రోత గల మనిషి పోయిన వానాకాలంలో ఒక కుక్కను ఎత్తుకొచ్చింది. పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద, చెత్తకుప్ప పక్కన, ఎవడో మహానుభావుడు దాని మెడకు ప్లాస్టిక్ తాడు బిగించి, రెండో కొస ఇనప చువ్వకు ముడేసి, చేతులు దులుపుకొని పోయాడు. తాడు చర్మంలోకి దిగి చీము పట్టింది. ఆ వాసనకు నాగేశ్వరికి రోత పుట్టింది. కానీ ఆ రోత కుక్క మీద కలగలేదు. ముడి వేసిన ఆ వేళ్ల మీద కలిగింది.

"ఆటోల కుక్కను ఎక్కియ్యనమ్మా. సీటు ఖరాబైతది" అన్నాడు ఆటోవాడు.

"నీ సీటుకి కొత్తగా ఖరాబయ్యేదేముంది? పోనియ్యి" అంది నాగేశ్వరి.

గాయం మానింది. భయం మానలేదు. కుక్క హాస్టల్ మెట్ల కింద గ్యాస్ సిలిండర్ల వెనక చోటు చూసుకుని, అక్కడే ఉండిపోయింది. ఎవరైనా చెయ్యెత్తితే, అది జడ వేసుకోవడానికే ఎత్తినా సరే, నేలకు కరుచుకుపోతుంది. మొరగదు. పిల్లలు ఆన్‌లైన్ క్లాసుల అలవాటు కొద్దీ దానికి "మ్యూట్" అని పేరు పెట్టారు. ఆ పేరంటే నాగేశ్వరికి చిరాకు. ఆమె "ఏమే" అని పిలుస్తుంది. ఎవరైనా చూస్తుంటే అది ముద్ద ముట్టదు. కంచం పెట్టి అటు తిరిగి నిలబడాలి. ఫోన్లలో తలలు దూర్చి, చప్పరిస్తూ, సగం తిని సగం పారేసే ఆడపిల్లల మధ్య తిండి దగ్గర సిగ్గున్న ప్రాణి ఇదొక్కటేనని నాగేశ్వరికి దాని మీద గౌరవం.

చక్రపాణి గారికి అలాంటి గౌరవాలేం లేవు.

"నాగేశ్వరి గారూ, వచ్చే నెల కొత్త బ్యాచిలు దిగుతాయి. పేరెంట్స్ వస్తారు. మెట్ల కింద కుక్కేంటండీ, అసహ్యంగా? నెలాఖరుకి ఎవరికైనా ఇచ్చేయండి. లేదంటే మనిషిని పంపిస్తాను, ఔటర్ రింగు రోడ్డు అవతల వదిలేసి వస్తాడు."

అవతల లారీలు తప్ప మరేముంది? హారన్ వినపడితే నేలకు అతుక్కుపోయే కుక్క ఆ రోడ్డు మీద పొద్దుగూకే దాకా కూడా బతకదు. అది నాగేశ్వరికి ఎవరూ చెప్పక్కర్లేదు. పిల్లల చేత ఫోటోతో పోస్టరు చేయించి, చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల లిఫ్టుల దగ్గర అంటించింది.

అమీర్‌పేటలో ఏదీ డెమో లేకుండా అమ్ముడుపోదు. కంప్యూటర్ కోర్సయినా, స్పోకెన్ ఇంగ్లీషయినా మూడు రోజులు ఉచితం. నచ్చితే ఫీజు, నచ్చకపోతే సెలవు. హాస్టల్ మెస్సుకీ అదే పద్ధతి. కొత్త పిల్లకు మూడు రోజులు గుత్తొంకాయ, పనీరు, మీగడ పెరుగు పెట్టమంటారు చక్రపాణి గారు. నాలుగో రోజు నుంచి నీళ్ల సాంబారు. ఆ సాంబారు పోసేది నాగేశ్వరి చెయ్యే. పోసినప్పుడల్లా ఆమెకు ముక్కుతో ఛీ వస్తుంది.

మధురానగర్ నుంచి ఉదయలక్ష్మి గారు వచ్చారు. పట్టుచీర, చేతిలో తాళాల గుత్తి.

"మూడు రోజులు డెమోకి ఇవ్వండి. చూసి చెప్తాను."

నాగేశ్వరికి ఆ మాటకే ఒళ్లు మండింది. అయినా నెలాఖరు గుర్తొచ్చి ఇచ్చింది. మూడో రోజుకు కుక్క తిరిగొచ్చింది.

"మంచం కింద నుంచి బయటికి రాదేంటండీ? సేల్స్‌వాళ్లు బెల్లు కొడితే మొరగదు. దీనికి అన్నం కూడా దండగే" అన్నారావిడ. ఆ ఇంట్లో ఏమేం జరిగిందో గానీ, కుక్క ఆ తర్వాత తాళాల చప్పుడుకు కూడా వణకడం నేర్చుకుంది.

తర్వాత బంజారా హిల్స్ నుంచి తారక్ అని ఒక కుర్రాడు పెద్ద కారులో వచ్చాడు. "సో క్యూట్ ఆంటీ" అని తీసుకెళ్లి, మర్నాడే తెచ్చి దింపాడు. కుక్క మెడకు, సరిగ్గా ఆ పాత తాడు మచ్చ మీద, గులాబీ రిబ్బను బిగించి ఉంది. మూతి నిండా తళుకుల పొడి. చెల్లెలి పుట్టినరోజు ఫోటోలకట!

"సెట్ కాలేదు ఆంటీ. మస్తు భయపడుతుంది అది" అని సారీ కూడా చెప్పకుండా కారెక్కాడు.

ఆ రాత్రి నాగేశ్వరి తడిగుడ్డతో దాని మూతి తుడుస్తూ ఏడ్చింది. ఏడుపు కూడా రోతగానే వచ్చింది. మనుషుల ఇళ్లు ఎంత శుభ్రంగా ఉంటే వాళ్ల చేతులు అంత మురికిగా ఉంటాయేమోనని అనిపించింది ఆమెకు. ఇకమీదట డెమో అన్నవాణ్ణి గేటు దగ్గరే తిట్టి పంపాలని ఒట్టేసుకుంది.

సరిగ్గా అప్పుడొచ్చాడు కేదార్.

నలభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, గుప్పుమనే సెంటు, పళ్లన్నీ కనిపించే నవ్వు. నాగేశ్వరి చూడగానే గుర్తుపట్టింది. వీధి చివరి కోచింగ్ సెంటర్లో డెమో సారు. మూడు రోజులు నవ్వించి, బ్రహ్మాండంగా చెప్పి ఫీజులు కట్టిస్తాడు. నాలుగో రోజు బోర్డు దగ్గర ఇంకెవడో ఉంటాడు, తెర మీద రాతలు చదువుతూ. అలాగే ఫీజు కట్టి మోసపోయిన హాస్టల్ పిల్ల హైందవి ఈ మెట్ల మీదే కూర్చుని అన్నం మానేసింది.

"ఛీ" అంది నాగేశ్వరి. మొహం మీదే అంది. "మీకూ డెమోకే కావాలా?"

కేదార్ నవ్వు ఆగిపోయింది. నవ్వు లేని ఆ మొహం మరీ వడిలిపోయి ఉంది.

"నా పనే గది మేడం. మూడు దినాలు నవ్వుకుంట చెప్పుడు, ఇంకో బ్యాచ్‌కు పోవుడు. ఇన్నేండ్ల సంది ఒక్క పిల్లగాని పేరు సుత నాకు తెల్వదు."

"మరి ఈ కుక్కతో మీకేం పని?"

"గా పోస్టరు ఫోటోల అది కెమెరా దిక్కు చూస్తలేదు. జర నచ్చింది. ఎల్లారెడ్డిగూడల ఒక్కన్నే ఉంట. ఇంటికి పోయినంక మాట్లాడనీకి నాకు గొంతు ఉండదు. సప్పుడు లేని ఇల్లు మేడం నాది."

నాగేశ్వరి నమ్మలేదు. నాలుగో రోజు నీళ్ల సాంబారు పోసే మనిషికి ఇలాంటి మాటలు ఓ పట్టాన రుచించవు.

"పంపను. రోజూ సాయంత్రం మీరే వచ్చి ఈ మెట్ల మీద కూర్చోండి. మూడు రోజులు మీరెలా ఉంటారో ఈ సందులో అందరికీ తెలుసు. నాలుగో రోజు ఎలా ఉంటారో నాకు కావాలి."

వచ్చాడు. మొదటి రోజు బిస్కెట్లు, రెండో రోజు బంతి, మూడో రోజు కోడి ఎముకలు. "మ్యూట్ బేటా, ఇట్ల రా" అంటూ వంగి, చేతులు ఊపి, గొంతు మార్చి రకరకాలుగా పిలిచాడు. కుక్క సిలిండర్ల వెనక గోడకు ఇంకాస్త అతుక్కుంది. కుక్కకు కూడా క్లాసు చెబుతున్న ఆ వాలకం చూసి నాగేశ్వరి ముక్కుతో ఛీ అంది.

నాలుగో రోజు నెలాఖరు. చక్రపాణి గారి మనిషి దుర్గేష్ మధ్యాహ్నమే దిగాడు. చేతిలో గోనెసంచి, తాడు. ఆ తాడు కూడా ప్లాస్టిక్‌దే. గుట్కా నములుతూ, గేటు పక్కన ఉమ్ముతూ కూర్చున్నాడు. నాగేశ్వరి కాళ్లావేళ్లా పడినట్టు మాట్లాడి, "చీకటి పడేదాకా ఆగు నాయనా" అని రెండుసార్లు టీ ఇచ్చింది. అలాంటివాణ్ణి నాయనా అన్నందుకు ఆమె నోరు ఆమెకే చేదుగా తోచింది.

వీధి దీపాలు వెలిగాయి. కేదార్ రాలేదు. తను అనుకున్నదే నిజమైంది. నిజమైనందుకు ఆమెకు తన మీదే ఒళ్లు మండింది.

దుర్గేష్ లేచి తాడు విప్పుతుండగా గేటు కిర్రుమంది.

వచ్చినవాడు కేదారేనని గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. నలిగిన చొక్కా, చెమట వాసన, మాసిన గడ్డం. చేతుల్లో ఏమీ లేదు. రోజంతా వరసగా బ్యాచిలు పడ్డాయేమో, నమస్కారం చెప్పడానికి కూడా గొంతు లేచినట్టు లేదు. నవ్వలేదు. తలూపి, మెట్టు మీద కూలబడి, గోడకు ఆనుకున్నాడు. అంతే, నిద్రపోయాడు. నోరు తెరుచుకుంది. పెదవి మూల నుంచి చొంగ కారింది.

హైందవి లేపబోయింది. నాగేశ్వరి కళ్లతోనే వద్దంది.

సిలిండర్ల వెనక కదలిక. ముందు మూతి, తర్వాత మచ్చ పడ్డ మెడ. కుక్క నేలకు కరుచుకునే వచ్చింది గానీ, వచ్చింది. అతని బూటు వాసన చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆ బూటు పక్కనే కూర్చుంది. నాగేశ్వరి మెల్లగా అన్నం కంచం జరిపింది. కుక్క ఒకసారి ఆమె వైపు చూసి, తలొంచి తినడం మొదలుపెట్టింది. తను అటు తిరగలేదన్న సంగతి నాగేశ్వరికి సగం కంచం ఖాళీ అయ్యాక గుర్తొచ్చింది.

దుర్గేష్ తాడుతో దగ్గరికొచ్చాడు. "లేటైతుందమ్మా. కుక్కను పట్టుకుంట."

"ఎవరి కుక్కనిరా పట్టుకునేది?" అంది నాగేశ్వరి, గొంతు పెంచకుండా. "దాని మనిషి అదుగో, చొంగ కార్చుకుంటూ పడుకున్నాడు, కనపడట్లా? నీ తాడు తీసుకుని నడువు."