ఒకే పెట్టె రెండుచోట్ల

“రెండుచోట్లా నీ అడ్రసే కొట్టుంటావ్ అమ్మమ్మా. ఒప్పుకోవచ్చుగా!”

“కొట్టలేదని చెప్తున్నానా! పైన మీ చిన్నమ్మమ్మది, కింద నాది.”

“మరి ఉయ్యూరు వెళ్ళాల్సిన సున్నుండలు మనింటికెందుకొచ్చాయి?”

“అది నన్నడుగుతావేంటే? ఫారం చేసింది నువ్వు.”

“ఫారం బానే ఉంది. మా ఆఫీసులో ఆరుగురం ఆర్డరిచ్చాం, ఆరుగురికీ అందాయి. నీ ఒక్కదానికే తేడా వచ్చింది. మా సారు కూడా అదే అన్నారు, పెద్దావిడ కదా, పొరబడి ఉంటారని. తప్పులు రాసే పుస్తకంలో అలాగే రాసుకున్నారు.”

“ఏమని?”

“ఫారం నింపినవారి పొరపాటు అని.”

నాకు ఒళ్ళు మండింది. నేను చదివింది నాలుగో తరగతి. అయినా నా ఇల్లేదో, ఉయ్యూరులో నా తోటికోడలి ఇల్లేదో తెలియనిదాన్ని కాను.

అవి మా మనవరాలు, అంటే నా కూతురి కూతురు, బెజవాడలో నా దగ్గరుండి ఉద్యోగం చేస్తున్న రోజులు. బెంజ్ సర్కిల్ దగ్గర ఓ మేడమీద చిన్న కంప్యూటర్ ఆఫీసు. మూడు నెలలు పని చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. ఆ మూడు నెలలూ ఎల్లుండితో అయిపోతాయి. ఒక మిఠాయి కొట్టువాళ్ళు ఇంటర్నెట్‌లో ఆర్డర్లు తీసుకోవడానికి ఫారం చేయమంటే, ఆ పని దీనికి అప్పజెప్పారు.

ఎవరికి పంపాలో వాళ్ళ చిరునామా పైన, పంపేవాళ్ళ చిరునామా కింద రాయాలి. రెండింటికీ వేరువేరుగా చేయకుండా, వీధి, ఊరు అన్న గళ్ళతో చిరునామా రాసే పెట్టె ఒక్కటే చేసి, దాన్నే రెండుచోట్లా పెట్టానని అది మురిసిపోతూ చెప్పింది. ఇంకో పేజీలో కావలసివచ్చినా మళ్ళీ చేయనక్కరలేదట, అదే తెచ్చి పెట్టుకోవచ్చట. నాకూ నచ్చింది. చీర చిరిగితే బొంత, బొంత చిరిగితే మసిగుడ్డ అనుకునే ఇల్లు మాది. ఒకసారి పడిన కష్టం రెండుసార్లు అక్కరకొస్తే అంతకన్నా ఏం కావాలి?

కొట్టువాళ్ళకి అప్పజెప్పేముందు తెలిసినవాళ్ళచేత ఆర్డర్లిప్పించి చూడాలని నన్నూ ఇమ్మంది. ఇంట్లో మినప్పప్పు ఉండగా సున్నుండలు కొనడమేమిటని వారం రోజులు ఒప్పుకోలేదు. తోటికోడలు కాలు విరిగి మంచంలో ఉంది కదా అని చివరికి సరేనన్నాను. రెండు చిరునామాలూ ఇంగ్లీషు అక్షరాల్లో కాగితం మీద రాసిచ్చి, మా వీధిలోని నెట్ సెంటర్లో నన్ను కూర్చోబెట్టి, అది ఫోన్ వచ్చిందని బయటికి వెళ్ళింది. ఒక్కో అక్షరం కాగితంలో చూడడం, దాన్ని మీటల్లో వెతికి నొక్కడం. ఒక వరుస అవగానే కాగితం మీద టిక్కు పెట్టుకున్నాను.

ఆ కాగితం పారేయలేదు. వెనకవైపు ఖాళీగా ఉందని కందిపప్పు డబ్బాకింద దాచాను. తెచ్చి మనవరాలి ముందు పెట్టాను. ఎనిమిది వరుసలు, ఎనిమిది టిక్కులు. అది కాసేపు చూసింది.

“పద, నా కళ్ళముందు కొట్టు,” అంది.

సాయంత్రం మళ్ళీ నెట్ సెంటర్‌కి వెళ్ళాం. ఈసారి అది కదలకుండా నా పక్కనే కూర్చుంది. పైన తోటికోడలిది, కింద నాది కొట్టాను. ఆఖరి మీట నొక్కాక, ఆర్డరు కొట్టువాళ్ళకి ఎలా కనబడుతుందో ఆ పేజీ తెరిచింది. పైనా నా చిరునామాయే, కిందా నా చిరునామాయే.

నేను దానివైపు తిరిగాను.

“మీ ఆఫీసులో ఆరుగురికీ అందాయన్నావుగా. మీరంతా ఎవరికి పంపారే?”

“ఎవరిది వాళ్ళమే తెప్పించుకున్నాం,” అంది తల దించుకుని. “తినేద్దామని.”

రెండుచోట్లా ఒకే చిరునామా రాస్తే ఒకటి పోయిందని ఎవరికి తెలుస్తుంది?

ఇంటికొస్తూ దారిలో చెప్పింది. మీట నొక్కగానే పెట్టెలో రాసినదంతా అవతలి పేజీకి వెళుతుందట. ఊరు అన్న పేరుతో ఊరు, వీధి అన్న పేరుతో వీధి. పైనా కిందా ఉన్నది ఒకే పెట్టె కనుక లోపలి గళ్ళ పేర్లూ అవే. పై పెట్టె ఊరు అని ఉయ్యూరు ఇచ్చింది, కింది పెట్టె ఊరు అని బెజవాడ ఇచ్చింది. తరవాత వచ్చింది ముందుదాన్ని తుడిచేసింది.

“డబ్బాల తగువే కదే ఇది!” అన్నాను.

మా అత్తగారు కోడళ్ళిద్దరికీ ఒకే కొట్లో ఒకే రకం స్టీలు డబ్బాలు కొనిచ్చింది. గిన్నెలమీద పేర్లు చెక్కేవాడు అక్షరానికింత అని తీసుకునేవాడు. పొదుపు చేద్దామని నేను ఇంటిపేరు మొదటి అక్షరం ఒక్కటే చెక్కించాను. తోటికోడలూ అంతే చేసింది. ఆవిడదీ అదే ఇంటిపేరని ఇద్దరికీ తట్టలేదు. ఒక పెళ్ళికి రెండు డబ్బాల్లోనూ అరిసెలు పోసి పంపితే, ఒకటి సొట్టపడి వచ్చింది. బాగున్నది నాదంటే నాదని ఆర్నెల్లు మాట్లాడుకోలేదు. ఆఖరికి అత్తగారే ఆ అక్షరం ముందు పెద్దకోడలి డబ్బామీద ‘పె’ అని, చిన్నకోడలి డబ్బామీద ‘చి’ అని చెక్కించింది. డబ్బాలు మార్చలేదు.

మనవరాలు రోడ్డు మధ్యలో ఆగిపోయింది. “అంతే అమ్మమ్మా. పెట్టె మార్చక్కర్లేదు. ఎక్కడ పెడితే అక్కడ దాని పేర్ల ముందు ఒక మాట తగిలించాలి. పొందేవారి ఊరు, పంపేవారి ఊరు.”

“తగిలించు. మీ సారుకి కూడా చెప్పు.”

“మార్చేస్తాగా, చెప్పడమెందుకు? చెప్తే ఉంచుకోరేమో.”

“నా మీద రాసిన తప్పు మీద నీ ఉద్యోగం నిలబడక్కర్లేదు. నువ్వు చెప్పకపోతే నేనొచ్చి చెప్తా.”

అనేశాను గాని, అన్నం సయించలేదు. ఉద్యోగం పోతే కంకిపాడు దగ్గర వాళ్ళ ఊరికి వెళ్ళిపోవాల్సిందే. మా అత్తగారు పైసా పైసా మిగిల్చే మనిషి, అయినా ఆ రెండక్షరాల దగ్గర మాత్రం ఎందుకు వెనకాడలేదో ఆవేళ అర్థమైంది. ఎక్కడ మిగల్చకూడదో తెలియడం కూడా పొదుపే. నాకది ఆర్నెల్ల తగువుతో వచ్చింది. దీనికి ఎంతలో వస్తుందో అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే అది ఆఫీసుకి వెళుతుంటే, సున్నుండల పార్సిలు పట్టుకుని నేనూ వెళ్ళాను. లోపలికి వెళ్ళగానే చెప్పేసింది. సారు అంతా విని, “ఆ పెట్టె ఇంకెక్కడెక్కడ పెట్టావ్?” అన్నాడు.

“ఇంకో రెండు పేజీల్లోనండి.”

“అక్కడా మార్చు. ఈసారి వేరువేరు అడ్రసులతో చూడు.”

“రేపటితో నా మూడు నెలలు...”

“తెలుసమ్మా. ముందు మార్చు. రేపు నీ ఉద్యోగం కాగితం కొట్టిస్తాను.”

నావైపు తిరిగి, “కూర్చోండి మామ్మగారూ, మీరూ ఇంకోసారి కొట్టాలి,” అన్నాడు. పుస్తకం తీసి నా పొరపాటని రాసిన వరుస కొట్టేసి, పెన్ను మనవరాలికిచ్చాడు. ‘చిరునామా పెట్టెలో తప్పు’ అని రాసి సంతకం పెట్టింది. పది దాటాక నేను మళ్ళీ కొట్టాను. చిరునామా చీటీ అచ్చయి బయటికొచ్చింది, పైన ఉయ్యూరు, కింద బెజవాడ. పాత చీటీ మీదే దాన్ని అంటించి అదే పార్సిలు పంపేశారు.