తూకం గది దగ్గర సుద్దముక్క

గ్రేసీ పద్నాలుగేళ్లుగా తిరుపతిలో ప్రోగ్రాములు రాస్తోంది. ఏ పని ఒప్పుకున్నా ముందు ఆ చోటికి వెళ్లి ఒక పూట ఊరికే కూర్చుంటుంది. చిత్తూరు దగ్గరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలోనూ అలాగే కూర్చుంది. కాయల ట్రాక్టరు గేటు దగ్గరికి రాగానే, తూకం చూసే వెంకటముని సుద్దముక్కతో ట్రాలీ మీద వరస నంబరు వేస్తాడు. ఫోన్లకు అక్కడ సిగ్నల్ అందదు.

తిరిగొచ్చి ఒక్క పేజీ రాసింది. తూకం గదిలో ఒక కంప్యూటరు, డేటా అందులోనే, చీటీ కొట్టే ప్రింటరు. ఇంటర్నెట్ వద్దు.

ఆమె పనిచేసే కంపెనీ యజమాని నరేంద్ర ఆ పేజీని వేలికొసలతో పట్టుకున్నాడు.

"కిరాణా కొట్టుకా ఇది? డేటా ఇంటర్నెట్‌లో, క్లౌడులో పెట్టు. రైతు మొగం గుర్తుపడితేనే గేటు తెరుచుకోవాల. ఏఐ అనే మాట లేకుంటే ఫ్యాక్టరీవాళ్లు మనల్ని సూడను కూడా సూడరు."

"ఆడ సిగ్నలే లేదు సార్."

"సీజన్‌కి వస్తాదిలే. సంతకం పెట్టు."

నరేంద్ర రాయించిన కొత్త కాగితంలో 'టెక్నాలజీ ఎంచినవారు' అన్నచోట గ్రేసీ సంతకం పెట్టింది. ఆ పూట అన్నం సయించలేదు.

జూన్‌లో సీజను మొదలైంది. రైతులు ఒక్కొక్కరే గేటు దగ్గర కెమెరా ముందు తలగుడ్డ తీసి, కట్టి, మళ్లీ తీసి నిలబడ్డారు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. మూడో రోజుకు ట్రాక్టర్లు మైలు పొడవున ఆగిపోయాయి. అడుగునున్న కాయలు చితికి రసం రోడ్డు మీదికి కారింది. పులిసిన వాసన. ఈగలు.

"ఏమ్మా, నీ మిషనుకు నా మొగం నచ్చలేదంట," అన్నాడు సుబ్బన్న అనే రైతు గ్రేసీతో. "నా పెండ్లానికీ నచ్చలా. అయినా ముప్పై ఏండ్లు కాపురం చేసింది గదా!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సుబ్బన్న తన ట్రాలీలోంచి చితికిన కాయలు ఏరి పారేయసాగాడు.

తూకం గదిలోని ల్యాండ్‌లైను మోగింది. నరేంద్ర.

"రైతులు సరిగ్గా నిలబడలేదని రిపోర్టు రాసిచ్చెయ్. సదువులేనోళ్లు, ఎవురడుగుతారు?"

గ్రేసీ ఫోను పెట్టేసి, కిటికీ దగ్గర నిలబడే రిపోర్టు రాసింది: 'ఎంపిక తప్పు. ఇక్కడ సిగ్నల్ లేదని నాకు ముందే తెలుసు. సంతకం నాది.'

ఆమె తెచ్చిచ్చిన ఆ రిపోర్టును ఫ్యాక్టరీ మేనేజరు రెండుసార్లు చదివాడు. గేటు చేత్తో ఎత్తమని వాచ్‌మన్‌కు కేకేశాడు.

"అన్నా, సుద్దముక్క ఉండాదా?" అని గ్రేసీ వెంకటమునిని అడిగింది.

అతడు చొక్కా జేబులోంచి తీసి, విరిచి సగం ఇచ్చాడు.

"ఈ మాట అడిగేదానికి మూడు దినాలు పట్టిందామ్మా?"