పటాల జిగురు, నా బిడ్డ ప్రాణం

సహోదరులారా, సహోదరీలారా, పోయిన ఏడు నా బిడ్డ చావు అంచుదాకా పోయి వచ్చిన సంగతి మీ అందరికీ తెలుసు, మీరంతా దాని కోసం ప్రార్థించారు. కానీ అది ఎలా జరిగిందో మీరు విన్నది నిజం కాదు. ఆ నిజం చెప్పడానికే పాస్టరు అయ్యగారిని అడిగి ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

తిరుపతిలో చెట్టియారు గారి పటాల అంగడిలో పన్నెండేళ్లుగా నాది ఒకటే పని. బొంబాయి నుంచి చుట్టలుగా వచ్చే రంగుల పటాలను విప్పి, బరువు పెట్టి సాపు చేసి, దళసరి అట్ట మీద అంటించి, నాలుగు వైపులా అంచు నిలిచేలా నడుమ కోసిన ఇంకో అట్ట పైన పెట్టి, కొన్నవాళ్లు రైల్లో ఎంత దూరం పోయినా మూల నలగకుండా కట్టి ఇవ్వాలి. యుద్ధం వల్ల గాజు దొరకని రోజులు గనుక పటానికి ఆ అట్టే కాపు. కొండకు వచ్చినవాళ్లు కొనే పటాలూ, మన ఇళ్లలో పెట్టుకునే యేసుప్రభువు మంచి కాపరి పటమూ అన్నీ నా చేతి మీదుగానే పోయేవి. చెట్టియారు గారు నన్ను ఇంటి మనిషిలా చూసేవారు. నేనే చెడిపోయాను. మద్యనిషేధంతో మూతపడిన సారాయి అంగళ్లు మళ్లీ తెరిచాక మొదట పని ముగిసినాక తాగేవాడిని, తర్వాత తాగనిదే కత్తి నా చేతిలో నిలవని గతికి వచ్చాను, కోత వంకర పోయేది, మంచి అట్టలు పాడయ్యేవి, నా భార్య సుగుణమ్మ ఉపవాసముండి ఏడ్చేది, నేను వినలేదు.

బ్రహ్మోత్సవాల ముందు పని ఎక్కువై అట్టలూ పటాలూ ఇంటికి తెచ్చుకున్నాను. ఒక మధ్యాహ్నం తాగి వచ్చి, మైదా ఉడికించి జిగురు చేసి, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపి, గూట్లో పెట్టాల్సిన గిన్నెను నేల మీదే వదిలేసి పడుకున్నాను. మైలుతుత్తం విషమని నాకు తెలుసు. సుగుణమ్మ నీళ్లకు పోయింది. నాలుగేళ్ల మా ఎస్తేరు ఆకలేసి ఆ జిగురు తిన్నది.

సుగుణమ్మ వచ్చి నన్ను పట్టి కుదిపితే లేచాను. బిడ్డ మూతి నిండా జిగురు, కక్కినదంతా నీలంగా ఉంది. జట్కాలో వేసుకుని మిషను ఆసుపత్రికి పోతుంటే అది నా ముఖం చూసి, "నాయనా, గంజి సేదుగా ఉండాది" అన్నది.

తుత్తం ఎంత కలిపారని డాక్టరమ్మ అడిగింది. సుగుణమ్మ నా వైపు తిరిగి, "ఎంత ఏసినావయ్యా? సెప్పు, ఎంత ఏసినావు?" అన్నది.

పన్నెండేళ్లుగా చెంచాతో కొలిచి వేసే చేయి ఇది. ఆ రోజు ఎంత వేసిందో నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. డాక్టరమ్మ బిడ్డను లోపలికి తీసుకుపోయింది.

నేను వరండాలో మోకాళ్ల మీద పడ్డాను. నేర్చుకున్న ప్రార్థన ఒక్కటీ నోటికి రాలేదు. "ప్రభువా, నేనేం చేసినానో నాకే తెలీదు, నువ్వు సూసినావు. నా కోసరం వద్దు, దాని తల్లి కోసరమన్నా బిడ్డను బతికించు" అన్నాను. 

రెండు రోజులు బిడ్డ కళ్లు తెరవలేదు. మూడో రోజు పొద్దున తెరిచి తల్లిని నీళ్లు అడిగింది. దేవునికే మహిమ!

ఆ రోజు నుంచి నేను సారాయి ముట్టలేదు. తాగాలన్న కోరిక మాత్రం ఒక్క పూటలో పోలేదు, పోయిందంటే దేవుని ఎదుట అబద్ధమవుతుంది. ఒళ్లంతా వణికి, చెమటలు పట్టి, గోడకేసి తల కొట్టుకున్న రోజులున్నాయి, అప్పుడు సుగుణమ్మ నా చేతులు రెండూ పట్టుకుని పాటలు పాడుతూ కూర్చునేది. అలా కొంచెం కొంచెంగా ప్రభువు నన్ను విడిపించాడు. ఇప్పుడు నా కోత మళ్లీ తిన్నగా వస్తోంది.

అయినా నా గుండెలో ఒకటి మిగిలిపోయింది. ఆసుపత్రిలో మా అమ్మ, గిన్నె నేల మీద ఎవరు పెట్టారని అడిగితే, నేను నోరు తెరిచే లోపలే సుగుణమ్మ తానే పెట్టి మరిచిపోయానన్నది. నా పని పోతుందని, సంఘం నన్ను వెలివేస్తుందని భయపడి అలా అన్నది. నేను ఊరుకున్నాను. ఏడాదిగా ఊరుకున్నాను! మా అమ్మ ఆమెతో మాట మానేసింది, మీలో కొందరు బిడ్డను చూసుకోలేని తల్లి అన్నారు, ఆమె తల వంచుకుని ఈ గుడికి వచ్చి పోతూనే ఉంది. సారాయి నుంచి విడిపించిన దేవుడు నన్ను ఈ పిరికితనంలో వదిలిపెట్టలేదు, ప్రార్థనకు మోకరించిన ప్రతిసారీ, నీ తప్పు ఆమె మీద ఎందుకు ఉంచావని అడిగాడు.

సహోదరులారా, ఆ గిన్నె నేల మీద పెట్టింది నేను. సుగుణమ్మ కాదు.

మీలో ఎవరికైనా తాగుడు గాని, దాచిపెట్టిన అబద్ధం గాని బరువుగా ఉంటే, బాగుపడినాక దేవుని దగ్గరికి వద్దామని ఆగకండి. నేను కంపు కొడుతూ ఆ వరండాలో పడి పిలిచినప్పుడే ఆయన విన్నాడు. మీ మొరా వింటాడు, ఆయనను నమ్మండి. నా బిడ్డను, నా భార్యను నాకు మిగిల్చిన దేవునికి స్తోత్రం.

అయ్యగారు ప్రార్థన చేసే ముందు ఒక్క మాట. అమ్మా, సుగుణమ్మ పక్కన సోటుండాది. పోయి కూర్చో.