ఉస్మాన్ ఎత్తిన చెయ్యి

కడప జిల్లా బాస్కెట్‌బాల్ చరిత్ర ఎవరైనా రాస్తే, అందులో అందరికంటే మొరటు ఆటగాడు ఉస్మానే అవుతాడు. ఒక్క సీజనులో, ఫైనలు కాకుండానే, ఎనిమిది ఆటలు, నలభై ఫౌళ్లు. స్కోరు పుస్తకం రాసింది నేనే కాబట్టి ఈ సంగతి నాకు బాగా తెలుసు. ఆ నలభైలో ఒక్కటి కూడా అతను చేయలేదని కూడా తెలుసు.

ఉస్మాన్ ప్రొద్దుటూరులో ఒక వేరుశనగ నూనె మిల్లులో గోనె సంచులు కుట్టేవాడు. నేను అదే మిల్లులో గుమాస్తాను. అతని తండ్రి రహీం జమ్మలమడుగులో వడ్రంగి. ఆ ఊరి ఆటస్థలంలో బాస్కెట్‌బాల్ స్తంభాలు నాటి బోర్డులు కొట్టింది ఆయనే. రింగు సరిగ్గా కుదిరిందో లేదో చూడటానికి కొడుకు చేత బంతి వేయించేవాడట. అలా చిన్నప్పుడే ఉస్మాన్‌కు చెయ్యి కుదిరింది. పదిసార్లు వేస్తే తొమ్మిదిసార్లు బంతి రింగులో పడేది.

1958లో మా మిల్లు సావుకారు ఒక పత్రికలో ఏదో చదివాడు. అమెరికాలో ఈ ఆట ఆడేవాళ్లకు జీతాలిస్తారని, దేశమంతటికీ ఒక లీగు పెట్టి నెలల తరబడి ఆడిస్తారని అందులో ఉంది. దేశమంతా మనవల్ల కాదు గానీ మూడూళ్లకైతే పెట్టొచ్చనుకున్నాడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పెద్దలను పిలిచి, కాఫీలు పోయించి, లీగు ప్రకటించాడు. జీతాలిచ్చే జట్టు కావాలి కాబట్టి తన కొడుకును, బావమరిది కొడుకులిద్దరిని, ఒక మేనల్లుణ్ణి మిల్లులో గుమాస్తాలుగా వేసుకున్నాడు. ఆ గుమాస్తాలు మిల్లు గడప తొక్కగా నేనైతే చూడలేదు. నలుగురయ్యారు గానీ ఆటకు అయిదుగురు కావాలి. పైగా ఆ నలుగురిలో ఎవరికీ బంతి రింగులో వేయడం రాదు. అందుకని ఉస్మాన్‌ను కలుపుకున్నారు. అతనికి జీతం పెంచలేదు. ఆట రోజున రెండు ఉడకబెట్టిన గుడ్లు, ఒక గ్లాసు పాలు ఇచ్చేవారు.

అంపైరు దేవపాలు, జమ్మలమడుగులో డ్రిల్లు మాస్టరు. మూడూళ్లలో నియమాల పుస్తకం చదివిన మనిషి ఆయనొక్కడే. అందులో ఒక నియమం ఉంది. ఫౌలు చేసిన ఆటగాడు అందరికీ కనబడేలా చెయ్యెత్తాలి. అప్పుడు స్కోరరు అతని పేరు రాసుకుంటాడు. అయిదు ఫౌళ్లయితే ఆ ఆటగాడు బయటికి పోవాలి. ఈ నియమం రాసిన దొర మా వైపు ఎప్పుడూ వచ్చి ఉండడు.

మొదటి ఆట ప్రొద్దుటూరులోనే జరిగింది. ఆట మొదలైన రెండో నిమిషంలో చిన్న సావుకారు, అంటే మా సావుకారు కొడుకు, జమ్మలమడుగు వాడి డొక్కలో మోచేత్తో పొడిచాడు. దేవపాలు విజిలు ఊది, చెయ్యెత్తమన్నాడు.

"నేనెత్తాల్నా? ఇంతమంది ముందరా?" అన్నాడు చిన్న సావుకారు.

"పుస్తకంలో అట్లే ఉండాది నాయనా."

సావుకారు కుర్చీలోంచి లేచాడు. ఆయన వెనక మిల్లు మనుషులు లేచారు. అటువైపు జమ్మలమడుగు వాళ్లూ లేచారు. మా జిల్లాలో తప్పు చేయడం పెద్ద విషయం కాదు, ఒప్పుకుంటేనే తలవంపు. దేవపాలు విజిలు నోట్లో పెట్టుకుని ఆకాశం చూస్తున్నాడు. ఆట ఆగిపోతుందేమోనని ఉస్మాన్‌కు భయం వేసింది. అప్పటికి బంతి ఒక్కసారి కూడా అతని చేతికి రాలేదు. చటుక్కున తన చెయ్యి ఎత్తేశాడు.

దేవపాలు నా వైపు తిరిగి, "ఉస్మాన్, ఒకటి" అన్నాడు. నేను రాశాను. అందరూ కూర్చున్నారు.

ఆ తర్వాత అదే ఆచారమైపోయింది. జట్టులో ఎవరు ఎవరిని తోసినా, గుద్దినా, చొక్కా చించినా చెయ్యి మాత్రం ఉస్మాన్‌ది లేచేది. మొదటి సగం ముగిసేలోపే అయిదూ నిండేవి. అతను బయటికి వచ్చేవాడు, అతని బదులు మిల్లు లారీ డ్రైవరు దిగేవాడు. చిత్రమేమిటంటే, ఉస్మాన్ బయటికి వచ్చాక మావాళ్లు ఎంతో మర్యాదగా ఆడేవారు. చెయ్యెత్తే మనిషి లేడు కదా!

పులివెందుల వాళ్లు ఇది చూసి ముచ్చటపడి, తమ జట్టులోనూ కమాల్ బాషా అనే అతన్ని పెట్టుకున్నారు. ఆ ఊరితో ఆట ఉన్నప్పుడు విరామానికల్లా ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని వేయించిన శనక్కాయలు తింటూ ఉండేవారు.

"ఈ పొద్దు ఎవర్ని కొట్టినావప్పా?" అని కమాల్ బాషా అడిగేవాడు.

"తెలీదు మామా. నేను అటుపక్క ఉండాను" అనేవాడు ఉస్మాన్.

నవ్వులాటగానే ఉండేది గానీ, ఊళ్లలో మాత్రం అతని పేరు పాడైంది. స్థానిక పత్రికలో "ఉస్మాన్ మొరటు ఆట" అని వేశారు. జమ్మలమడుగులో రహీం ముఖం మీదే జనం అడగడం మొదలుపెట్టారు. ఆ ముసలాయన ఒక ఆదివారం కొడుకును కూర్చోబెట్టుకుని అడిగాడు.

"ఏం రా, నేను నీకు బంతి వేసేది నేర్పిస్తే నువ్వు మనుషుల్ని కొట్టేది నేర్చుకున్నావంట?"

"లేదు అబ్బా."

"మరి అయిదేసి తూర్లు చెయ్యెందుకు ఎత్తుతాండావు?"

 నిజం చెబితే సావుకారు పరువు పోతుంది, ఉస్మాన్‌కు మిల్లులో పని పోతుంది.

"శానా దినాలైంది నువ్వు ఆడంగా చూసి. ఫైనలు మన ఊర్లోనే గదా. ఒక్క ఆటన్నా కడదాకా ఆడు. నేను వచ్చి చూస్తా" అన్నాడు రహీం.

ఫైనలు మాకూ పులివెందులకూ పడింది. రహీం పొద్దున్నే వచ్చి, తాను నాటిన స్తంభం పక్కనే గోనెపట్ట పరుచుకుని కూర్చున్నాడు. ఆటకు ముందు ఉస్మాన్ చిన్న సావుకారు దగ్గరికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సామీ, మా అబ్బ వచ్చినాడు. ఈ ఒక్క పొద్దు నన్ను కడదాకా ఉండనీండి. రోంత జాగ్రత్తగా ఆడండి."

"చూస్తాంలే పో" అన్నాడు చిన్న సావుకారు, కాలికి పట్టీ కట్టుకుంటూ.

విరామానికి ఉస్మాన్ పేరున మూడు. ఆ తర్వాత పది నిమిషాలకు నాలుగు. కమాల్ బాషా అప్పటికే బల్ల మీద ఉన్నాడు. అయినా ఉస్మాన్ ఆ రోజు ఆడినట్టు ఎప్పుడూ ఆడలేదు. బంతి వస్తే చాలు, అది రింగులో పడేది. మా ముప్ఫై ఒక్క పాయింట్లలో ఇరవై రెండు అతనివే. ఇంకొక్క నిమిషం ఉందనగా మేం ఒక్క పాయింటు ముందున్నాం. పులివెందుల కుర్రాడొకడు రింగు కిందికి దూసుకొచ్చాడు. చిన్న సావుకారు వెనకనుంచి అతని నడుం పట్టుకుని కింద పడేశాడు.

విజిలు మోగింది. నేను గడియారం ఆపాను. ఊరంతా ఒక్కసారిగా ఉస్మాన్ వైపు తిరిగింది. అతను మైదానం ఆ చివర, తండ్రికి పది అడుగుల దూరంలో ఉన్నాడు. ఒకసారి తండ్రిని చూశాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకున్నాడు.

"ఏం రా ఉస్మానూ, చెయ్యెత్తు!" అని సావుకారు కుర్చీలోంచి అరిచాడు.

"నేను కొట్లేదు సామీ."

"నువ్వు ఎప్పుడు కొట్టినావు రా? ఇన్నాళ్లూ ఎత్తలేదా? ఈ పొద్దు ఏమొచ్చె నీకు?"

ఆయన కోపంలో అన్న మాట ఆటస్థలమంతా వినబడింది. ముందు కమాల్ బాషా నవ్వాడు, తర్వాత పులివెందుల నవ్వింది, ఆఖరికి జమ్మలమడుగు మొత్తం నవ్వింది. రహీం మాత్రం నవ్వలేదు. తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు.

దేవపాలు అరగంట ఎదురుచూశాడు. ఒక్క చెయ్యి లేవలేదు. పొద్దు గూకుతుండగా, చెయ్యెత్తేవాళ్లు లేనందువల్ల ఆట నిలిపేశామని ప్రకటించాడు. అప్పుడు రహీం స్తంభం పట్టుకుని లేచి గట్టిగా అడిగాడు.

"దేవపాలయ్యా, మావోడు అవుటా?"

"లేదు రహీం. మీవోడు ఆటలోనే ఉండాడు."

జనం కదిలిపోతున్నారు. ఉస్మాన్ బంతి తీసుకుని, ఉన్నచోటు నుంచే తండ్రి కొట్టిన రింగులోకి వేశాడు. అది అంచుకు కూడా తగలకుండా పడింది.

మర్నాడు ఉస్మాన్‌ను మిల్లుకు రావద్దన్నారు. అతను జమ్మలమడుగు పోయి తండ్రి దగ్గర ఉలి పట్టుకున్నాడు. సావుకారు, ఈ ఆట మన నీళ్లకు సరిపడదని చెప్పి లీగు ఎత్తేశాడు. ఫైనలు ఇప్పటికీ పూర్తి కాలేదు.

స్కోరు పుస్తకం నా దగ్గరే ఉంది. దాన్ని తెరిచినప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది. ఆ సాయంత్రం ఫౌలు ఎవరిదో నాకు తెలుసు, పెన్సిలు నా చేతిలోనే ఉంది, అయినా చిన్న సావుకారు పేరు రాయలేదు. ఉస్మాన్ పేరున చేయని నలభై నాలుగు ఫౌళ్లను చక్కటి అక్షరాలతో రాసినవాణ్ణి, అతను ఆఖరున వేసిన బంతిని మాత్రం రాయలేదు. ఆట ఆగాక పడినదాన్ని రాయకూడదు, అది నియమం.