తాళం తిరగట్లేదండీ

మా తమ్ముడిది తాళాల షాపు. పక్కనే నా కుట్టుమిషను. అందరి తలుపులూ తెరిచే మనిషి తన ఇంటి తాళం మాత్రం బాగుచేసుకోడు. లోపల పిన్నులు అరిగిపోయాయి. తాళంచెవి పూర్తిగా దూర్చి, పిసరంత వెనక్కి లాగితేనే తిరుగుతుంది. నేను దెప్పినప్పుడల్లా "దొంగలక్కూడా చేతకాదక్కా, ఉండనీ" అని నవ్వేసేవాడు.

ఆ తాళం తీయడం మా మేనకోడలికి నేర్పేసరికి మా తలప్రాణం తోకకొచ్చింది. పిల్లకి ఆటిజం. ఒక పని చేతికి వచ్చిందంటే ఇక మారదు. వేరేలా చేసి చూడమంటే చెవులు మూసుకుని కూర్చుంటుంది. పుస్తకాలు బైండు చేసేచోట కాగితాలు మడిచే పని దానిది, వంక పెట్టడానికి ఉండదు. కానీ రోజూ తండ్రి వెళ్ళి తీసుకొచ్చి, తలుపు తీసి, లోపల దిగబెట్టి మళ్ళీ షాపుకి రావాలి. రేపు మేం లేకపోతే ఆ తలుపు ఎవరు తీస్తారు? ఆ ఇంట్లో అందరినీ తినేసే దిగులు అదొక్కటే.

మా మరదలు నర్సు, మొండి మనిషి. ఒకరోజు తేల్చి చెప్పేసింది.

"రేపు అదే వస్తుంది, అదే తలుపు తీసుకుంటుంది. మీరు షాపులోంచి కదిలారంటే నా మీద ఒట్టే. వదినా, ఈయన్ని చూసుకునే పూచీ నీది."

మర్నాడు సాయంత్రం తమ్ముడు కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే జాలేసి, "నేర్చుకుందిగా, తీసుకుంటుందిలే" అన్నాను.

"తీసుకుంటుందక్కా. పొద్దున దాన్ని పనిలో దింపి వచ్చి, తాళం విప్పి పిన్నులన్నీ మార్చేశా. ఇప్పుడు దూర్చి తిప్పితే చాలు."

నా చేతిలో కత్తెర ఆగిపోయింది. అసలే నా నోరు మంచిది కాదు.

"తాళం మార్చావు సరే, పిల్ల చెయ్యి ఎవరు మార్చారు? అది వెనక్కి లాగే తిప్పుతుంది. లాగితే నీ కొత్త పిన్నులు తిరగనిస్తాయా?"

ప్రేమ ఎక్కువైతే బుర్ర పనిచేయదు కాబోలు. షట్టరు దించబోయాడు. ఒట్టు సంగతి నేనూ మర్చిపోయి "పరిగెత్తరా" అన్నాను.

అంతలో పిల్ల వీధి మలుపు తిరిగి వస్తూ కనిపించింది. చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు, గుప్పిట్లో తాళంచెవి. ఏడ్చి ఏడ్చి ముఖం కందిపోయింది. అప్పటికే ఒకాయన తాళం పడని సూట్‌కేసు పట్టుకుని షాపు ముందు నిలబడి ఉన్నాడు. ఆయన్ని వదిలేసి తమ్ముడు ఇటు రాబోతే, పిల్ల తల అడ్డంగా ఊపి ఆయన వెనకే నిలబడింది. చిన్నప్పటి నుంచీ ఆ షాపులో స్టూలు మీద కూర్చుని చూసిన పద్ధతి మరి. సూట్‌కేసాయన నిదానంగా బేరమాడుతుంటే నాకు ఆయన్ని పక్కకి నెట్టేయాలనిపించింది.

తన వంతు వచ్చాక తాళంచెవి బల్ల మీద పెట్టింది.

"తాళం తిరగట్లేదండీ. వచ్చి చూస్తారా?"

అడుగుతున్నది కన్నతండ్రిని. వాడు పనిముట్ల సంచి అందుకుని, "వస్తానండీ" అన్నాడు.

ఆ మాట దానికి మేమెవరం నేర్పలేదు. తలుపు తీయడం నేర్పామే గానీ, తలుపు తెరుచుకోకపోతే ఏం చేయాలన్నది మాకే తట్టలేదు. అది తనంతట తానే ఆలోచించుకుంది.

ఇంటి దగ్గర వాడు కొత్త తాళం ఎలా తీయాలో చూపించబోతే, "పాతది" అంది. ఇంకో మాట లేదు. పనిముట్ల సంచి అడుగున పాత పిన్నులు ఉండబట్టి సరిపోయింది. ఇన్నేళ్ళ పనితనం పక్కనపెట్టి, బాగున్న తాళాన్ని తమ్ముడు చేతులారా పాడుచేశాడు. పిల్ల తాళంచెవి దూర్చి, పిసరంత లాగి తిప్పింది. తలుపు తెరుచుకుంది. వాడు అలవాటుకొద్దీ వెనకే అడుగు వేయబోయాడు.

"అయిపోయిందిగా. ఇక మీరు వెళ్ళొచ్చండీ" అని తలుపేసుకుని గడియ పెట్టుకుంది.

వాడు మెట్టు మీద కూలబడి ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను. లోపల ఫ్యాను వేసుకున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని సంచి సర్దుకున్నాడు.

"పద అక్కా, షాపు తెరిచిపెట్టి వచ్చాం."

తలుపు తట్టకుండానే వెళ్ళిపోయాం.