నడుము కొలత

మా వాళ్లలో భార్య పోతే మగవాడి మొలతాడు తెంపుతారు. మా ఆవిడ కర్మ చేసిన దివసాల నాడు నాకూ తెంపారు. కొత్తది కట్టుకోమని ఎవరూ చెప్పలేదు, నాకూ బుద్ధి పుట్టలేదు. అంతకుముందు ఏటా కొత్త తాడు కట్టేది మా ఆవిడే. ముడి దగ్గర వేలు దూర్చి చూసి, "యాడికి పోతాండాది ఈ పొట్ట? రేపట్నుంచి రాత్రిపూట రాగి సంగటే" అని తేల్చేసేది. గొణుక్కుంటూ తినేవాణ్ణి.

రాజంపేటలో మాది బట్టల అంగడి. ఆమె పోయాక పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు. పొద్దున హోటల్లో పూరీ, మధ్యాహ్నం హోటల్లో అన్నం, అంగడి మూశాక మిక్చర్ పొట్లం. లుంగీ కట్టే మనిషికి పొట్ట పెరిగిన సంగతి ఎవరు చెబుతారు? పైగా వచ్చేపోయేవాళ్లు "రంగు తేలినావప్పా" అని మెచ్చుకునేవాళ్లు.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకి వస్తున్న రోజులవి. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని కడపలో ఒక డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన బీపీ చూశాడు, రక్తం తీయించాడు. తర్వాత నర్సమ్మను పిలిచి నా నడుము కొలవమన్నాడు. కూతురి ఈడు పిల్ల. ఎదురుగా నిలబడి, రెండు చేతులూ నా వెనక్కి పోనిచ్చి టేపు చుట్టింది. మా ఆవిడ పోయిన తర్వాత ఒక మనిషి నాకంత దగ్గరగా రావడం అదే మొదలు.

రిపోర్టులు వచ్చాక డాక్టరు కళ్లద్దాలు తీశాడు. "సుగర్, బీపీ, రక్తంలో కొవ్వు, ఈ పొట్ట. ఒక్కోటి అయితే ఏదో సర్దుకోవచ్చు. అన్నీ ఒకే మనిషిలో చేరినాయంటే చావు తొందరగా వస్తాది. నీకు చావాలని ఉండాదా ఏమప్పా?"

లేదన్నాను. నిజానికి ఆ సంగతి అప్పటిదాకా ఆలోచించనే లేదు.

నెలకోసారి కొలతకు రమ్మన్నారు. ఉండలు కట్టిన సంగటి నేనే కెలుక్కుని తిన్నాను. తెల్లవారుజామున రైల్వే స్టేషను దాకా నడిచాను. కడపకు పోయే రోజున మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకునేవాణ్ణి.

"ఇంత దూరం యాల పెద్దాయనా? టేపు తీసుకోని ఇంటికాడే కొలుచుకోవచ్చు గదా" అంది నర్సమ్మ ఒకసారి.

"నాకు చేతకాదమ్మా" అన్నాను, పొద్దస్తమానం బట్ట కొలిచే మనిషిని.

ఎండాకాలంలో ఒక రోజు ఆమె టేపు చూసి నవ్వింది. "శానా తగ్గినావు పెద్దాయనా. సుగర్ కూడా దారికొచ్చినాది. ఇంక నెలనెలా రావాల్సిన పన్లేదు, ఏడాదికొకసారి సాలు." డాక్టరు కూడా, గండం గడిచినట్టే అని భుజం తట్టాడు. సంతోషించాల్సింది పోయి నాకు దిగులు పట్టుకుంది. ఏడాది అంటే మాటలా!

బయట ఎండ మండిపోతోంది. బస్టాండు పక్కన మిరపకాయ బజ్జీలు వేస్తున్నారు. ఆకలి లేదు. అయినా పోయి ఒక ప్లేటు చెప్పాను. అది తిని, ఇంకో ప్లేటు చెప్పాను.