ధైర్యం మాస్టారు

ఆయన కాలేజీలో లెక్కలు చెబుతారు. పిల్లలు పెట్టిన పేరు ధైర్యం మాస్టారు. విద్యార్థుల కష్టసుఖాలు కనుక్కునే పని కూడా ప్రిన్సిపాల్ ఆయనకే అంటగట్టారు. గొంతు పెద్దది కదా, అదే అర్హత. ఎవరింట్లో చావు జరిగినా భుజం మీద రెండు దెబ్బలు వేసి, "ధైర్యంగా ఉండాలమ్మా" అనేవారు. పని అయిపోయేది. ముద్రలు కొట్టే గుమాస్తా అయినా కవరు మీద చిరునామా చూస్తాడు. ఈయన ఎదుటి మనిషి మొహమైనా చూసేవారు కాదు.

రెండో సంవత్సరం పిల్ల ఒకతికి తండ్రి పోయాడు. వారం తిరక్కుండా నాన్న బైకు మీదే కాలేజీకి రావడం మొదలుపెట్టింది. ఫ్లైఓవర్ దిగేటప్పుడు హ్యాండిల్ వదిలేసి కళ్ళు మూసుకునేది. ఒకరోజు వెనక కూర్చున్న స్నేహితురాలు దిగీ దిగగానే మాస్టారి దగ్గరికి పరిగెత్తింది.

"అది చచ్చిపోతుంది సార్. ఒక్కసారి మాట్లాడండి."

"నేను చూసుకుంటాగా! నువ్వు క్లాసుకెళ్ళు."

చూసుకున్నారు. మర్నాడు అసెంబ్లీలో ఆ పిల్లను మైకులో పిలిచి స్టేజీ ఎక్కించారు.

"తండ్రి పోయినా చూడండి, ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. ధైర్యమంటే ఇదీ! కొట్టండి చప్పట్లు!"

కాలేజీ అంతా కొట్టింది. లెక్చరర్లయితే లేచి నిలబడి మరీ కొట్టారు. ఏడవాల్సిన పిల్లను ఏడవనందుకు సన్మానించిన ఘనులు!

ఆ సాయంత్రమే బైకు ఫ్లైఓవర్ గోడకు గుద్దుకుంది. పిల్ల కాలు విరిగింది.

మాస్టారు పళ్ళ సంచితో ఆసుపత్రికి వెళ్ళారు. గుమ్మంలోనే పిల్ల పిన్ని ఎదురైంది.

"మైకు మాస్టారు మీరేనా? ఒక్కరే వచ్చారేం, చప్పట్లు కొట్టేవాళ్ళేరీ?"

ఆయన అలవాటు కొద్దీ మంచం దగ్గరికి వెళ్ళి, "ధైర్యంగా ఉండాలమ్మా" అన్నారు.

"ఉన్నాను కద సార్," అంది పిల్ల, కట్టు కట్టిన కాలి వంక చూస్తూ. "కళ్ళు మూసుకునే దిగాను. ఇంకెంత ఉండాలి?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో మాస్టారికి రెండో మాట అవసరం పడలేదు మరి. పిన్ని స్టూలును కాలితో ఆయన వైపు తోసింది.

"కూర్చుంటే కూర్చోండి. లేదా దారివ్వండి, నర్సమ్మ రావాలి."

కూర్చున్నారు. పళ్ళ సంచి ముడి విప్పారు, మళ్ళీ కట్టారు. చివరికి, "బండి మీద నాన్న నిన్నెక్కడ కూర్చోబెట్టుకునేవాడమ్మా?" అన్నారు.

"ముందు, ట్యాంకు మీద. గాలికి కళ్ళు మండుతున్నాయంటే... మూసుకో బంగారం, నేనున్నాగా అనేవాడు."

ఆ తర్వాత పిల్ల గొల్లుమంది. మాస్టారి నాలుక చివరికి పాత మాటే వచ్చింది. పిన్ని ఉరిమి చూసింది. మింగేశారు. చెయ్యి మాత్రం పిల్ల భుజం మీదికి వెళ్ళింది. దెబ్బలు వేయలేదు, అక్కడే ఉంది.